గడియారం పట్టుకుని కొట్టంలో కూర్చున్న నలభై రోజులు

నలభై రోజుల్లో పదకొండు ఆవులు ఈనాలని మేమేమీ అనుకోలేదు. అంతకుముందు ఏడాది ఎద సరిగ్గా కనిపెట్టుకోక కొన్ని ఖాళీగా ఉండిపోయాయి. ఆ బెంగతో ఈసారి ఎదకొచ్చిన దాన్నల్లా వదలకుండా చూడి కట్టే సూది వేయించాం. దాదాపు అన్నీ వెంటవెంటనే చూడి కట్టేశాయి. మొదట సంబరపడ్డాం. ఆవుకు చూడికాలం సుమారు 280 రోజులు. ఆ లెక్కన క్యాలెండర్ మీద ఒక్కో ఆవు పేరు రాసుకుంటూ పోతే ఆరు వారాల గళ్లు కిక్కిరిసిపోయాయి. మా ఆయన ఆ క్యాలెండర్ వైపు కాసేపు చూసి, "మరి మనం పడుకునేదెప్పుడు?" అన్నారు.

అప్పటిదాకా మాకు ఏడాదికి రెండు మూడు ఈతలకు మించి ఉండేవి కావు. అవీ మామయ్యే చూసుకునేవారు. ఆయనకు మోకాళ్ల నొప్పులొచ్చి కొట్టంలోకి రావడం తగ్గాక పని నా మీద పడింది. ఆవులు నాకేమీ కొత్త కాదు. మేత, పాలు తీయడం, మందు తాగించడం అన్నీ వచ్చు. కానీ ఈనే ఆవు పక్కన నిలబడటం వేరే సంగతి. అక్కడ చేతులు ఊరుకోవు.

నెల ముందే కొట్టంలో ఒక మూల ఖాళీ చేసి, కడిగి, సున్నం చల్లి, ఎండుగడ్డి మందంగా పరిచాం. ఒక బకెట్లో సామానంతా సర్దాను. భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ గ్లౌజులు, ఉడకబెట్టి ఆరేసిన రెండు మెత్తటి తాళ్లు, చెయ్యి జారడానికి జెల్, టించర్ అయోడిన్, థర్మామీటర్, టార్చిలైటు, పాత తువ్వాళ్లు, దూడకు పాలు పట్టే సీసా. పశువుల డాక్టర్ గారు రాసిచ్చిన చీటీలో చివరన "గడియారం, నోటు పుస్తకం" అని ఉంది. ఫోన్‌లో టైం కనబడుతుంది కదా అని ఆ రెండూ వదిలేశాను.

మొదట ఈనింది తొలిచూలు పెయ్య. సాయంత్రానికే దాని తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడ్డాయి. అక్కడ ఎప్పుడూ తాడులా గట్టిగా తగిలే కండ చేత్తో నొక్కితే మెత్తగా దిగిపోతోంది. అలా అయిందంటే ఇక ఒక రోజుకు అటూ ఇటూ. చన్నులు నిండి మెరుస్తున్నాయి, వెనక గాజులాంటి తీగ వేలాడుతోంది. పడుకుంటుంది, లేస్తుంది, తన పొట్ట వైపు తిరిగి చూసుకుంటుంది. రాత్రి నీళ్లసంచి కనబడింది. అది పగిలిన కాసేపటికి రెండు గిట్టలు వచ్చాయి. ఆవు ముక్కినప్పుడు గిట్టలు రెండంగుళాలు బయటికి రావడం, నొప్పి ఆగగానే మళ్లీ లోపలికి పోవడం. నా కంటికి దూడ ఇరుక్కుపోయినట్టే ఉంది. నిజానికి తొలిచూలుకు దారి అలాగే, ముందుకూ వెనక్కూ ఆడుతూ, కొద్దికొద్దిగా సాగుతుంది. నాకు అప్పుడది తెలియదు. తాళ్లు కట్టి ఇద్దరం లాగేశాం.

దూడ బతికింది. తల్లికి మాత్రం చీరుకుపోయింది. పొద్దున్నే డాక్టర్ గారు వచ్చి కుట్లు వేస్తూ, "గిట్టలు కనబడ్డాక ఎంతసేపటికి లాగారమ్మా?" అని అడిగారు. "అరగంట పైనే అయింది" అన్నాను. అబద్ధం చెబుతున్నానని నేను అనుకోలేదు. మా ఆయన ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీశారు. గిట్టలు కనబడగానే తన తమ్ముడికి ఒక ఫొటో పంపారు, దూడ కింద పడ్డాక ఇంకొకటి. రెండింటి మధ్యా పదమూడు నిమిషాలు.

ఆ పదమూడు నిమిషాలు నన్ను ఎంత భయపెట్టాయంటే, తర్వాతి మూడింటికీ చేతులు కట్టుకుని నిలబడ్డాను. రెండు ఆవులు హాయిగా ఈనాయి. నాలుగోది కూడా అంతేలే అనుకున్నాను. నాలుగో ఈత, అనుభవమున్న ఆవు, దానికి మనం చెప్పేదేముంది? ఒక గిట్ట, దాని పక్కన ముక్కు కనబడ్డాయి. రెండో గిట్ట వెనకాలే వస్తుందిలే అని చూస్తున్నాను. వెనకాల రాలేదు. ఆవు పడుకుని ముక్కుతోంది, అలసిపోయి ఆగుతోంది, మళ్లీ ముక్కుతోంది. నేను "తొందరపడకూడదు" అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. తెల్లవారుజామున డాక్టర్ గారికి ఫోన్ చేసి, ఆయన వచ్చేసరికి నీళ్లసంచి పగిలి మూడు గంటలు కావస్తోంది.

రెండో ముందరి కాలు మోకాలి దగ్గర మడతపడి వెనక్కి ఉండిపోయింది. నొప్పి ఆగినప్పుడు దూడను కొంచెం లోపలికి నెట్టి, గిట్ట గర్భసంచికి గీసుకోకుండా అరచేతితో కప్పి పట్టుకుని, కాలును పైకి తిప్పి ముందుకు తెచ్చారు. పట్టుమని పది నిమిషాల పని. కానీ దూడ అప్పటికే పోయింది. నాలుక ఉబ్బి నీలంగా బయటికి వేలాడుతోంది. మంచి కోడెదూడ.

డాక్టర్ గారు తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. చేతులు కడుక్కుని వచ్చి, ఆ చనిపోయిన దూడ దగ్గరే నన్ను కూర్చోబెట్టి, "కళ్లు మూసుకుని కాళ్లు తడమండి" అన్నారు. ముందరి కాలికి గిట్ట పైన మొదటి కీలు, దాని పైన మోకాలు, రెండూ ఒకే వైపుకి మడుస్తాయి. వెనక కాలికి మొదటి కీలు ఒక వైపుకి, పైకీలు దానికి ఎదురు వైపుకి మడుస్తాయి, పైకీలు వెనక మొనదేలి తగులుతుంది. లోపల చీకట్లో చేతికి ఏ కాలు తగిలిందో తెలుసుకోవడానికి అదొక్కటే దారి. నాలుగు కాళ్లూ మార్చి మార్చి పట్టించి, నేను వరుసగా తప్పు లేకుండా చెప్పేదాకా వదల్లేదు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి ఆ కాళ్లు.

తర్వాత నా నోటు పుస్తకం అడిగారు. లేదన్నాను. తన జేబులోని కాగితం మీదే రాసిచ్చారు. ఆవు పడుతూ లేస్తూ అవస్థపడే మొదటి దశ రెండు గంటల నుంచి ఆరు గంటలు, తొలిచూలుకు ఇంకా ఎక్కువ పట్టొచ్చు, అప్పుడు కదిలించకూడదు. నీళ్లసంచి కనబడిన నిమిషం రాసుకోవాలి. అక్కడి నుంచి గంటలో దూడ రాకపోయినా, కాళ్లు కనబడ్డాక అరగంట ముక్కినా ముందుకు జరగకపోయినా, శుభ్రంగా కడుక్కుని చెయ్యి పెట్టి చూడాలి. రెండు కాళ్లు, వాటి మీద ముక్కు ఉంటే సరే. ఒక కాలే ఉన్నా, తల లేకపోయినా, తోక మాత్రమే తగిలినా గంట దాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయాలి. కింద గీత గీసి, "చూడటం వేరు, లాగడం వేరు" అని రాశారు. ఆ కాగితాన్ని గుంజకు అంటించాను. గోడ గడియారం ఒకటి తెచ్చి దాని పైన తగిలించాం. ఈనే ఆవు పక్కన కూర్చున్న మనిషికి కాలం సరిగ్గా నడవదు. ఒకసారి పదమూడు నిమిషాలు అరగంటైంది, ఇంకోసారి మూడు గంటలు గంటలా గడిచాయి. ఇక నా మనసులోని లెక్కను నమ్మే ప్రసక్తే లేదు.

మొదటి నాలుగూ రాత్రిళ్లే ఈనాయి. ఇద్దరం కళ్లు మూతలు పడుతూ తిరుగుతుంటే డాక్టర్ గారే మేత వేళలు మార్చి చూడమన్నారు. కెనడాలో, మానిటోబాకు చెందిన గస్ కోనెఫాల్ అనే పశుపోషకుడు 1970లలో ఈ సంగతి గమనించారట. చూడి ఆవులకు మధ్యాహ్నం ఒకసారి, రాత్రి బాగా పొద్దుపోయాక ఒకసారి మేత వేస్తే ఎక్కువ ఆవులు పగటిపూటే ఈనాయి. మేము రోజూ సాయంత్రం ఐదుకి వేసే మేతను రాత్రి తొమ్మిదిన్నరకు మార్చాం. మిగిలిన ఏడింటిలో ఐదు పగలే ఈనాయి. ఏడు ఆవులతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. కానీ ఐదు రాత్రుల నిద్ర మాకు చాలా పెద్దది.

ఐదో ఆవు నాకు ముర్రుపాల సంగతి నేర్పింది. దూడ చలాకీగా పుట్టింది, అరగంటలో లేచింది, తల్లి పొదుగు కింద తల పెట్టి కుమ్ముతోంది. తాగుతోందనే అనుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి కిందికి వంగి చూస్తే ముందరి కాళ్ల సందులోనూ, పొట్ట కిందా వెతుక్కుంటోంది కానీ చన్ను నోటికి అందనే లేదు. పొదుగు బాగా కిందికి దిగిన ఆవు అది. చన్నులు దూడ మూతి కన్నా దిగువన ఉన్నాయి. నోట్లో వేలు పెడితే చల్లగా ఉంది. పుట్టి అప్పటికే రెండు గంటలు.

మనిషి బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి నుంచి కొంత రక్షణ అందుతుంది. దూడకు అలా అందదు. కడుపులో దూడను తల్లితో కలిపే మాయ, ఆవులో యాంటీబాడీలను, అంటే జబ్బులతో పోరాడే పదార్థాలను, దాటనివ్వదు. ఆ శక్తి అంతా మొదటి పాలలోనే రావాలి. దూడ పేగులు వాటిని పూర్తిగా పీల్చుకునేది పుట్టిన మొదటి కొన్ని గంటలే. ఆరు గంటలు దాటితే బాగా తగ్గుతుంది, ఒక రోజు గడిచాక ఇక దాదాపు ఏమీ ఉండదు. తర్వాత బిందెడు పట్టినా అవి పాలే, రక్షణ కాదు. ఆ రోజు నుంచి "తాగే ఉంటుంది" అనే మాట మానేసి, పాలు పిండి కొలిచి సీసాతో పట్టడం మొదలుపెట్టాను. దూడ బరువులో పదో వంతు లెక్క. ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు, మొదటి రెండు గంటల్లో సగం పైన, మిగిలింది ఆరు గంటల లోపు. తల ఎత్తి మరీ పైకి పట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తల్లి కింద తాగేటప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే.

ఇంట్లో దీని మీద ఒక చిన్న గొడవ. మాయ పడేదాకా దూడకు పాలు పట్టకూడదని మామయ్య పట్టుదల. నేను ఎదురు చెప్పలేక మూడో ఆవు దాకా చాటుగా పట్టాను. ఐదో ఆవు రోజున డాక్టర్ గారు ఆయన ఎదుటే చెప్పారు. దూడ చీకినప్పుడు ఆవు చేపుతుంది కదా, ఆ చేపించే హార్మోనే గర్భసంచినీ ముడిచి మాయ పడటానికి సాయం చేస్తుంది, ఆపాల్సిన పని లేదు అని. మామయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, "అందుకేనేమో అప్పట్లో వారం తిరక్కుండా అన్ని దూడలు పోయేవి" అన్నారు. మర్నాటి నుంచి సీసా కడిగి పెట్టే పని ఆయనే తీసుకున్నారు.

బాగా పాలిచ్చే ఆవు దగ్గర మిగిలిన ముర్రుపాలు చిన్న చిన్న సీసాల్లో పోసి, తేదీ రాసి, ఫ్రీజర్లో పెట్టుకున్నాం. వాడేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో సీసా ఉంచి కరిగించాలి. పొయ్యి మీద పెడితే గడ్డకడుతుంది, అందులోని యాంటీబాడీలూ పోతాయి.

ఆరో ఆవు. రాత్రి రెండు గంటల పది నిమిషాలకు నీళ్లసంచి. రెండున్నరకు రెండు గిట్టలు, కానీ అరికాళ్లు ఆకాశం వైపు చూస్తున్నాయి. మామూలుగా వచ్చే దూడ గిట్టలు అరికాళ్లు కింద పెట్టి వస్తాయి. చెయ్యి కడుక్కుని, జెల్ రాసి లోపలికి పెట్టాను. మొదటి కీలు, పైకీలు. ఎదురెదురుగా మడుస్తున్నాయి. మొనదేలిన మడమ వేళ్లకు తగిలింది. ఇంకొంచెం ముందుకు పోతే తోక. దూడ వెనక కాళ్లతో వస్తోంది. చనిపోయిన ఆ కోడెదూడ కాళ్లు నా చేతుల్లో అలాగే ఉన్నాయి కాబట్టి తెలిసింది గానీ, లేకపోతే తల ఎక్కడుందా అని వెతుకుతూ ఉండేదాన్ని.

డాక్టర్ గారికి ఫోన్ చేస్తే బయల్దేరతాను, కానీ గంట పడుతుందన్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టించి ఒక్కొక్కటే చెప్పారు. వెనక కాళ్లు రెండూ నిటారుగా బయటికే ఉన్నాయి కాబట్టి లాగొచ్చు. తాడు ఉచ్చు గిట్ట పైన మొదటి కీలు దాటించి ఒకటి, కీలు కింద ఇంకో మెలిక, బరువంతా ఒక్క చోట పడకుండా. ఆవు ముక్కినప్పుడే లాగాలి, ఆగినప్పుడు ఆగాలి, ఒకసారి ఒక కాలు, ఇంకోసారి రెండోది. "నడుము బయటపడేదాకా నిదానం. నడుము వచ్చిందా, ఇక ఆగొద్దు" అన్నారు. ఎందుకంటే అప్పటికి బొడ్డుతాడు ఆవు కటి ఎముకకూ దూడకూ మధ్య నలిగిపోతుంది, తలేమో ఇంకా లోపలే ఉంటుంది. గాలి అందదు.

అలాగే చేశాం. దూడ జారి గడ్డి మీద పడింది. కదల్లేదు. మా ఆయన వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయబోతే ఫోన్‌లోంచి కేక వినబడింది, వద్దని. అలా వేలాడదీస్తే కారేది ఎక్కువగా పొట్టలోని నీరు, పైగా పేగుల బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. రొమ్ము మీద బోర్లా కూర్చోబెట్టి, ముందరి కాళ్లు ముడిచి, ముక్కులో జిగురు వేళ్లతో తీసేసి, గడ్డిపోచ ముక్కుపుటంలోకి గుచ్చాను. ఏమీ లేదు. ఇంకొంచెం లోతుగా. తుమ్మింది. చెవిలో చల్లటి నీళ్లు పోశారు మా ఆయన. తల విదిలించి గట్టిగా గాలి పీల్చింది. తువ్వాలుతో ఒళ్లంతా రుద్దుతుంటే వెనక నుంచి తల్లి వచ్చి నా చేతిని కూడా కలిపి నాకేసింది. ఆవు నాలుక ఎంత గరుకో అప్పుడు తెలిసింది. మూడు గంటల నాలుగు నిమిషాలు అని రాసుకున్నాను. పెయ్యదూడ.

బొడ్డుకు అయోడిన్ చల్లడం కాదు, చిన్న గ్లాసులో పోసి బొడ్డు మొత్తం మునిగేలా ముంచాలి. అక్కడ చీము పడితే కీళ్ల దాకా పాకి దూడ కుంటిదవుతుంది.

మూడో వారం దాటాక దూడలకు పారుడు మొదలైంది. ముందు ఒకదానికి, రెండు రోజుల్లో మూడింటికి. తెల్లగా నీళ్లలా విరోచనాలు, కళ్లు లోపలికి పోయాయి, మెడ మీద తోలు పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటోంది. పాలు మాన్పించొద్దన్నారు డాక్టర్ గారు. పాల వేళకు పాలు, మధ్యలో రెండేసి గంటలు ఎడంగా ఎలక్ట్రోలైట్ నీళ్లు. మూడూ తేరుకున్నాయి. అసలు తప్పు నాది. అన్ని ఆవులనూ ఒకే మూలలో ఈనించి, దూడలన్నిటినీ అక్కడే ఉంచాను. ముందు పుట్టినవి తమకేమీ కాకుండానే క్రిములను పెంచి నేల మీద వదులుతాయి, తర్వాత పుట్టేవాటికి మొదటి రోజే పెద్ద మోతాదు అందుతుంది. అమెరికాలోని నెబ్రాస్కాలో శాండ్‌హిల్స్ పద్ధతి అని ఒకటుంది. ఈనిన వాటిని ఉన్నచోటే ఉంచి, ఇంకా ఈనాల్సిన వాటిని వారం పది రోజులకోసారి కొత్త బీడుకు మారుస్తారు. మాకు బీళ్లెక్కడివి! కొట్టానికి అవతలి వైపు ఎప్పుడూ పశువును కట్టని చోట కొత్త గడ్డి పరిచి మిగిలిన మూడింటినీ అక్కడ ఈనించాం. పాలు పట్టేటప్పుడు అన్నిటికన్నా చిన్నదాంతో మొదలుపెట్టి జబ్బు దూడతో ముగించడం, ఆ తర్వాతే చెప్పులు కడగడం. చివరి మూడింటికి పారుడు రాలేదు.

ఎనిమిదో ఆవు గురించి చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఐదో ఈతది, మాకున్న వాటిలో ఎక్కువ పాలిచ్చేది. ఈనబోయే ముందు బలం కావాలని నెలంతా దానికి క్యాల్షియం తాగించాను. సుఖంగా ఈనింది, మర్నాడు పొద్దున లేవలేదు. మెడ ఒక పక్కకు ముడిచి డొక్క మీద పెట్టుకుంది, చెవులు మంచులా ఉన్నాయి, పేడ వేయలేదు. పాలజ్వరం. పేరులో జ్వరం ఉంది గానీ ఒంట్లో వేడి ఉండదు. డాక్టర్ గారు వచ్చి క్యాల్షియం సీసా నరంలోకి చుక్క చుక్కగా, గుండె వింటూ ఎక్కించారు. వేగంగా పోతే గుండె ఆగిపోతుందట. సీసా అయిపోతుండగానే ఆవు త్రేన్చింది, పేడ వేసింది, కాసేపటికి లేచి నిలబడింది. అంతా చూశాక నేను చేసిన ఘనకార్యం చెప్పాను. ఈనక ముందు బయటి నుంచి క్యాల్షియం దండిగా అందుతుంటే, ఎముకల్లోంచి తీసుకునే అలవాటు ఒంటికి తప్పిపోతుంది, ఈనగానే పాలలోకి ఒక్కసారిగా పోయేసరికి తట్టుకోలేదు అని చెప్పారు. ప్రేమతో చేసిందే. ఆవుకు ఆ సంగతి తెలియదుగా.

తొమ్మిది, పది గురించి చెప్పడానికేమీ లేదు. నోటు పుస్తకంలో రెండేసి వరుసలు.

పదకొండోది మధ్యాహ్నం మొదలుపెట్టింది. అప్పటికి నేను ఆరితేరిపోయాననే అనుకుంటున్నాను. పడుతూ లేస్తూ ఉంది, నీళ్లసంచి ఇంకా రాలేదు. గడియారం కింద ముక్కాలిపీట వేసుకుని, పుస్తకం తెరిచి, తేదీ రాసి, ఆవు పేరు రాసి, "నీళ్లసంచి:" అని రాసి పక్కన ఖాళీ వదిలాను. రెండు గంటలు కూర్చున్నాను. అది నా వైపు చూస్తుంది, నేను దాని వైపు చూస్తాను. నేనుండటమే దానికి ఇబ్బందిగా ఉందేమో అనిపించి, బకెట్లో వేడినీళ్లు చల్లారిపోయాయి కదా, తెద్దామని లేచాను. ఇంట్లో మామయ్య సీసా మూత కనబడట్లేదని అడిగితే వెతికి ఇచ్చాను. అంతే ఆలస్యం.

తిరిగొచ్చేసరికి దూడ కూర్చుని చెవులు ఆడిస్తోంది. తల్లి నాకుతోంది. బకెట్ కింద పెట్టి, బొడ్డు ముంచి, పుస్తకం తీసి ఆ ఖాళీలో "తెలియదు" అని రాశాను.